అంటే ఏంటంటే జిలానీగారు

జిలానీగారు జోకు చెప్పి ఊరుకునేవారు కాదు. చెప్పిన జోకుకి అర్థం కూడా చెప్పేవారు. జోకు అరనిమిషం ఉంటే అర్థం పది నిమిషాలుండేది. నవ్వించి బతికినవాళ్ళు లోకంలో చాలామంది ఉండొచ్చు. కానీ పడీపడీ నవ్వుతున్న జనాన్ని చెయ్యెత్తి ఆపి, "ఆగండాగండి, అంటే ఏంటంటేనండీ..." అని మొదలుపెట్టే మనిషిని మాత్రం నేను ఈయనొక్కణ్ణే చూశాను.

చూశానంటే దూరం నుంచి కాదు. తాడేపల్లిగూడెం శ్రీ మాధురీ ఆర్కెస్ట్రాలో తొమ్మిదేళ్ళపాటు నేను పాటలు పాడాను, ఆయన పాటకీ పాటకీ మధ్య నవ్వించారు. పెళ్ళిళ్ళు, చవితి పందిళ్ళు, ఉరుసులు, క్రిస్మస్ సంబరాలు, ఎవరు పిలిస్తే వాళ్ళ ఊరు వెళ్ళేవాళ్ళం. మా ఓనరు శేషగిరిరావుగారు కీబోర్డు వాయించేవారు. ఆయన కుడిచెయ్యి కీబోర్డు మీదా, కళ్ళు ఎడమచేతి వాచీ మీదా ఉండేవి. జిలానీగారు మైకు ముట్టుకున్నారంటే చాలు, ఆ వాచీ మనిషికి బీపీ పెరిగేది.

జిలానీగారిది ఏలూరు తంగెళ్ళమూడి. తివాచీలు నేసే ఇల్లు. తాత నేశాడు, తండ్రి నేశాడు, ఈయన కూడా పదహారేళ్ళదాకా మగ్గం దగ్గర కూర్చున్నారు. పక్కవాళ్ళని నవ్విస్తూ నేయడంవల్ల ఆయన తివాచీలో నెమలికి మూడు కాళ్ళు వచ్చాయట. "నాయనా, నువ్వు స్టేజీ ఎక్కు, మగ్గం దిగు" అని తండ్రే పంపించేశాడు. ఎర్ర చొక్కా, తెల్ల ప్యాంటు, నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టుతో వేదిక ఎక్కితే, నోరు విప్పకముందే ముందు వరస నవ్వడం మొదలుపెట్టేది.

ఒకసారి కొల్లేటి లంకలో ప్రోగ్రాం. సౌండు బాక్సులు పడవలో వేసుకుని వెళ్ళాం. జిలానీగారు మైకు తీసుకున్నారు.

"దారిలో ఒక కొర్రమేను కనపడిందండీ. ఏమ్మా, నీకు ఈత ఎవరు నేర్పారు అని అడిగాను. మా నాన్నగారు నేర్పుతున్నారండీ, సగంలో ఉండగా పులుసుకి పిలిచారు, వెళ్ళారు, ఇంకా రాలేదు అంది."

లంక లంకంతా నవ్వింది. అక్కడితో దిగిపోవచ్చు. దిగరు.

"అంటే ఏంటంటేనండీ, పులుసుకి పిలిచారంటే భోజనానికి పిలిచారని కాదు. ఆయన్నే పులుసు పెట్టేశారన్నమాట. ఇప్పుడు పులుసు ఎలా పెడతారు? ముందు చేపకి ఉప్పూ పసుపూ రాసి..."

ముందు వరసలోంచి సువార్తమ్మ అనే పెద్దావిడ లేచింది. "ముందు బూడిద రాసి తోమాలయ్యా! జిగురు పోకుండా ఉప్పెలా రాస్తావు?"

"క్షమించండమ్మా, బూడిద. ఆ తర్వాత చింతపండు..."

"ఇప్పుడు చింతపండేమిటి, మామిడికాయల రోజులు కదా!" అని వెనకనుంచి ఇంకొకావిడ.

పావుగంటలో ఊరంతా చింతపండు పక్షం, మామిడికాయ పక్షం అని రెండుగా చీలింది. జిలానీగారు మైకు ఇటో మాటు, అటో మాటు పట్టుకుని న్యాయం చెప్తున్నారు. శేషగిరిరావుగారు వాచీ చూసి చూసి, చివరికి కీబోర్డు మీద పోలీసు సైరను మోగించారు. ఆ పూట మాకు రెండు పక్షాలూ చెరో గిన్నెడు పులుసు పెట్టాయి. ఏది బాగుందో చెప్పమని జిలానీగారిని నిలదీస్తే, ఆయన రెండింటికీ అర్థం చెప్పారు.

పోనీ, వేదిక మీద అలవాటు వేదిక మీదే ఉంచేవారా? అదీ లేదు. ఏలూరులో పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, కుర్చీలో పడుకుని డాక్టరుగారికి ఒక జోకు చెప్పారట. డాక్టరు నవ్వి, పన్ను పీకి, నోట్లో దూది కుక్కారు. వెంటనే ఈయన చెయ్యెత్తారు. నొప్పేమోనని డాక్టరు కంగారుపడి వంగితే, దూదిలోంచి వినపడిందట: "అంహే ఏంహంహేనంహీ..."

ఆయన భార్య మహబూబ్ బీ నాకు వదినగారి వరస. వరస ఎవరూ కలపలేదు, మేమే కలుపుకున్నాం. "మీ అన్నగారు ఇంట్లో జోకు వేస్తే నేను బియ్యం కడిగి కుక్కరు పెట్టుకుంటానమ్మా. మూడో విజిలుకి అర్థం అయిపోతుంది. మటన్ అయితే ఇంకో జోకు పడుతుంది" అనేవారు.

ఆయన జోకు తర్వాత వచ్చేది ఎప్పుడూ నా పాటే. అంటే నేను పట్టుచీర కట్టుకుని, స్పీకరు పెట్టె వెనక కుర్చీలో, ఎప్పుడు పిలుస్తారా అని కూర్చోవాలి. ఒకసారి పట్టలేక అడిగేశాను.

"జిలానీగారూ, జనం నవ్వేశారు కదండీ. మళ్ళీ అర్థం ఎందుకు?"

"వెనక వరసలో ఒకాయనకి అర్థం కాలేదండీ."

"మీకెలా తెలుసు?"

"నవ్వలేదు."

"ఆయన షామియానా కట్టినాయనండీ. నిద్రపోతున్నాడు."

"మరి లేచాకైనా అర్థం కావాలి కదండీ!"

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం? అసలు తమాషా ఏమిటంటే, రెండు మూడేళ్ళకి జనం జోకు కోసం కాక అర్థం కోసమే ఎదురుచూడటం మొదలుపెట్టారు. ఆయన జోకు పూర్తి చెయ్యగానే వెయ్యిమంది ఒక్క గొంతుతో "అంటే ఏంటంటేనండీ!" అని అరిచేవారు. కామవరపుకోట నుంచి కైకలూరు దాకా ఆయన్ని జిలానీ అనేవాళ్ళు లేరు. "అంటే ఏంటంటే వచ్చాడ్రోయ్" అనేవారు.

ఆ పేరు హైదరాబాదు దాకా పాకింది. రెండు వేల సంవత్సరం, మాఘమాసం. అప్పుడే కొత్తగా పెట్టిన ఒక టీవీ చానల్లో హాస్య కార్యక్రమం కోసం మనుషుల్ని వెతుకుతున్నారు. ఇద్దరు పెద్దమనుషులు జిలానీగారిని చూడటానికి దెందులూరు వస్తున్నామని కబురు పెట్టారు. అక్కడ హనుమంతరావుగారని ఒక రైతు పెళ్ళి, లక్ష్మీదుర్గ పెళ్ళికూతురు. సాయంత్రం మా ప్రోగ్రాం. "ఐదు నిమిషాలు చూస్తాం. నచ్చితే అక్కడే మాట ఇచ్చేస్తాం. మళ్ళీ రైలుంది" అన్నారు వాళ్ళు.

శేషగిరిరావుగారు జిలానీగారి రెండు చేతులూ పట్టుకున్నారు. "బాబూ, నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్క పూట జోకులు చెప్పు. అర్థాలు చెప్పకు."

"చెప్పనండీ."

"ఒట్టు?"

"ఒట్టండీ."

ఆ రోజు జిలానీగారు రెండుసార్లు గడ్డం గీసుకున్నారు. ఎర్ర చొక్కా కొత్తది. మాకందరికీ ఆయన టీవీలో కనపడుతున్నట్టే ఉంది. పెళ్ళివారు పందిరి పక్కనే అరగంటసేపు బాణసంచా కాల్చారు. పొగ ఇంకా పల్చబడకముందే ఆయన మైకు అందుకున్నారు.

ఐదు జోకులు, నాలుగు నిమిషాలు. ఒక్కదానికీ అర్థం లేదు! టీవీ వాళ్ళలో లావుపాటాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటున్నాడు. శేషగిరిరావుగారు మొదటిసారి వాచీ చూడటం మానేశారు. అప్పుడు ఆరో జోకు.

"ఏలూరులో బస్సెక్కానండీ. కండక్టరు ముందుకు జరగండి, ముందుకు జరగండి అన్నాడు. జరిగాను. మళ్ళీ జరగమన్నాడు. జరిగి జరిగి చూస్తే తాడేపల్లిగూడెం వచ్చేసింది. దారంతా నేను నడిచే వచ్చాను కదండీ, మరి టికెట్టు ఎందుకు అన్నాను!"

పందిరి ఎగిరిపోయింది. టీవీ ఆయన చప్పట్లు కొడుతూ లేవబోయాడు. జిలానీగారు నమస్కారం పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, ఇటు తిరిగారు. ఆగారు. మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళారు.

"అంటే ఏంటంటేనండీ..."

శేషగిరిరావుగారు కీబోర్డు మీద తల పెట్టేసుకున్నారు. కీబోర్డు పెద్దగా మూలిగింది.

అర్థం ఇరవై రెండు నిమిషాలు నడిచింది. నడవలేదు, బస్సులో వెళ్ళింది. దెందులూరులో ఎవరెక్కారో చెప్పారు. గుండుగొలనులో ఎవరు దిగారో చెప్పారు. భీమడోలు దగ్గర టీవీ వాళ్ళలో సన్నటాయన లేచి వెళ్ళిపోయాడు. పూళ్ళలో కోళ్ళ గంప ఎక్కింది, ఆ కోళ్ళకి పేర్లు కూడా పెట్టారు. కైకరం దగ్గర బస్సుకి పంక్చరైంది. ఆ పంక్చరుతో రెండో ఆయన కూడా కారెక్కేశాడు. జాకీ ఎలా పెట్టారో, స్టెప్నీ ఎలా బిగించారో చెప్పి చెప్పి, ఉన్నట్టుండి ఉంగుటూరులో కూడా ఆగకుండా బస్సుని ఒక్క దూకులో తాడేపల్లిగూడెం చేర్చి, "అదండీ సంగతి" అని దిగిపోయారు.

ఆ తర్వాత నేను పాడాను. వన్స్‌మోర్ కూడా అడిగారు. కానీ నా మనసంతా మంటగా ఉంది. దిగగానే ఆయన మీద పడ్డాను.

"నోరు కట్టుకోలేరా మీరు? వదినగారి మొహం చూసైనా ఐదు నిమిషాలు ఓర్చుకోలేకపోయారా? చేతికొచ్చిన టీవీని బస్సెక్కించి పంపేశారు!"

ఆయన తలదించుకుని, "కైకరంలో పంక్చరు కాకపోతే సరిపోయేదండీ" అన్నారు.

అంతటి సమయంలో కూడా జోకేనా అని నాకు ఒళ్ళు మండింది. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ టీవీ కార్యక్రమం ఇంకెవరితోనో మొదలై, వాళ్ళని పెద్దవాళ్ళని చేసింది. మా ఆర్కెస్ట్రా ఇంకో నాలుగేళ్ళు లాగింది. తర్వాత పెళ్ళిళ్ళకి డీజే బాక్సులొచ్చాయి. ఆ చప్పుడులో జోకే వినపడదు, ఇక అర్థం ఎవరికి? శేషగిరిరావుగారు కీబోర్డుకి గుడ్డ కప్పేశారు. నేను గూడెంలో పిల్లలకి సంగీతం చెప్పుకుంటున్నాను. జిలానీగారు ఏలూరులో అన్న కొడుకు జీషాన్ తివాచీల కొట్లో కూర్చుంటున్నారు. ఇప్పుడు ఆ బజారులో ఎవరికైనా ఆయన హాస్యనటుడని చెబితే, "ఎవరు, ఆ తివాచీల తాతగారా?" అంటారు. బేరానికొచ్చినవాళ్ళకి ఆయన తివాచీలో ప్రతి పువ్వుకీ అర్థం చెప్తారట. వాళ్ళు కాళ్ళు పీకి, దానిమీదే కూర్చుని విని, లేచేటప్పుడు మొహమాటపడి కొనేస్తారట. కొట్టు బాగా నడుస్తోంది.

మొన్న మాఘంలో ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పేరు రమ్యశ్రీ. దెందులూరు హనుమంతరావుగారి కూతురు.

"మేడమ్‌గారూ, మా అమ్మానాన్నల పెళ్ళయి పాతికేళ్ళయిందండీ. పాత వీడియో క్యాసెట్టు బాగు చేయించి కంప్యూటర్లో ఎక్కించాను. అందులో మీరు పాడారండీ. చూస్తారేమోనని తెచ్చాను."

నా పాట ముందు జిలానీగారి జోకులున్నాయి. ఆ వీడియో తీసినాయన వేదిక పక్కన నిలబడి తీశాడు కాబట్టి, జిలానీగారితోపాటు స్పీకరు పెట్టె వెనక కుర్చీలో కూర్చున్న నేను కూడా కనపడుతున్నాను.

ఇప్పుడు మీకు ఒక సంగతి చెప్పాలి. ఇంతసేపూ చెప్పలేదు, ఆ రోజుల్లో అయితే ఎవరికీ చెప్పలేదు. నాకు ఉబ్బసం. ఆయాసం వచ్చే గాయనిని ఏ ఆర్కెస్ట్రా పెట్టుకుంటుంది? నా పాట మీదే మా ఇల్లు నడిచేది. అందుకని పాట అవగానే ఆ పెట్టె వెనక్కి వెళ్ళి, పైట చాటున మందు పీల్చుకుని, ఊపిరి అందాక మళ్ళీ వచ్చేదాన్ని. ఎవరికీ తెలియదనుకునేదాన్ని. ఆ దెందులూరు పెళ్ళిలో బాణసంచా పొగకి నాకు ప్రాణం మీదికి వచ్చింది.

వీడియోలో జిలానీగారు బస్సు జోకు చెప్పి వెనక్కి తిరిగారు. నేను కుర్చీలో వంగిపోయి ఉన్నాను. ఆయన నన్ను చూశారు. మైకు దగ్గరికి వెళ్ళారు. దెందులూరులో ఒక మాటు ఓరగా చూశారు. గుండుగొలనులో ఒక మాటు. పూళ్ళలో నేను మందు పీల్చడం కనపడుతోంది. కైకరం దగ్గర నేను రెండు మోచేతులూ మోకాళ్ళ మీద ఆనించి తల వాల్చేశాను. సరిగ్గా అప్పుడు, బస్సుకి పంక్చరైంది. స్టెప్నీ బిగిస్తున్నంతసేపూ ఆయన చూపు నా మీదే ఉంది. నేను లేచి చీర సర్దుకున్నాను. బస్సు ఉంగుటూరులో ఆగలేదు.

"భలే చెప్పారండీ ఈయన!" అని రమ్యశ్రీ నవ్వుతోంది. "ఏమైందండీ? అలా ఉన్నారేమిటి?"

"ఏం లేదమ్మా. ఈ జోకు నాకు పాతికేళ్ళకి అర్థమైంది" అన్నాను.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి ఏలూరు వెళ్ళాను. జిలానీగారు ఇంట్లోనే ఉన్నారు. వదినగారు టీ పెట్టారు. నేను కూర్చోకుండానే అడిగేశాను.

"నాకు ఉబ్బసమని మీకు తెలుసు కదండీ?"

"ఉబ్బసమా? మీకా? అయ్యో, ఎప్పట్నుంచండీ?" అన్నారు. వేదిక మీద అంత బాగా నటించిన మనిషి, ఇంట్లో ఇంత అధ్వాన్నంగా నటిస్తారని నాకు తెలియదు.

వదినగారు టీ గ్లాసు ఠక్కున కింద పెట్టారు. "ఇంకా దాస్తారేమిటండీ! అమ్మా కామేశ్వరీ, నువ్వు రాకముందు ఈయన జోకు చెప్పి టక్కున దిగిపోయేవారు. నువ్వు చేరిన నెలకే ఈ రోగం పట్టుకుంది. 'ఆ అమ్మాయికి పిల్లికూతలు వస్తున్నాయే, మా అమ్మకి మల్లే' అని వచ్చి నాతో చెప్పారు."

ఆయన ఇక తప్పించుకోలేక నెమ్మదిగా అన్నారు: "తివాచీల ఉన్ని నూగు పీల్చి పీల్చి మా అమ్మకి వచ్చిందండీ. ఆ చప్పుడు నాకు ఎక్కడున్నా తెలిసిపోతుంది."

"మరి నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదండీ?"

"చెబితే మీరు సిగ్గుపడేవారు. శేషగిరిరావుగారికి తెలిస్తే ఇంకో సింగర్ని తెచ్చేవారు. జోకు కాస్త పొడుగు చేస్తే నాకు పోయేదేముందండీ?"

"టీవీ పోయింది!"

"మంచిదే అయ్యిందండీ. అక్కడ ముప్ఫై సెకన్లలో చెప్పమంటారట. ముప్ఫై సెకన్లు నాకు నమస్కారానికే చాలవు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, రెండూ గుమ్మంలో ఇరుక్కున్నాయి. చివరికి నవ్వే బయటపడింది.

"సరే, వేదిక మీద నా కోసం చేశారు. పళ్ళ డాక్టరు దగ్గర నేను లేను కదండీ! అక్కడెందుకు?"

జిలానీగారు బుర్ర గోక్కున్నారు. "అది మాత్రం... అలవాటైపోయిందండీ."

"నీ ఉబ్బసానికి మందుంది కాబట్టి సర్దుకుంది" అన్నారు వదినగారు. "ఈయన జబ్బుకి మందే లేదు."

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే భోజనం చేశాను. వదినగారు నన్నొక పాట పాడమన్నారు, పాడాను. మధ్యలో ఊపిరికి ఆగితే ఆగాను. ఎవరికీ దాచే పని లేకుండా పాడటం అదే మొదటిసారి. జిలానీగారు చెంచాతో పళ్ళెం మీద తాళం వేశారు, తప్పు తాళం.

నాలుగు గంటల రైలుకి నన్ను దింపుతానని ఆయన స్టేషన్‌కి వచ్చారు. అవతలి ప్లాట్‌ఫారానికి మెట్ల వంతెన ఎక్కాలి. ఆ మెట్లంటే నాకు భయమే, కానీ పైకి ఏమీ అనలేదు. పది మెట్లు ఎక్కామో లేదో, జిలానీగారు కుడి మోకాలు పట్టుకుని ఆగిపోయారు.

"ఈ మధ్య మోకాలు పట్టేస్తోందండీ. ఏమీ అనుకోకండి, ఒక్క నిమిషం."

ఆగాం. నేను ఊపిరి తీసుకున్నాను. ఇంకో పది మెట్లు. ఈసారి ఎడమ మోకాలు పట్టుకున్నారు. మళ్ళీ ఆగాం. దారిన పోయే ఒకాయన "తాతగారూ, చెయ్యి ఇమ్మంటారా?" అంటే, "వద్దు బాబూ, నువ్వు పద" అని తరిమేశారు. మేము వంతెన పైకి చేరేసరికి కింద గూడెం రైలు కూత వేసి కదిలిపోయింది.

"అయ్యయ్యో! నా పాడు మోకాలివల్ల మీ రైలు పోయిందండీ" అన్నారు జిలానీగారు.

"ఏ మోకాలండీ?" అని అడిగాను.

ఆయన రెండు మోకాళ్ళవంకా మార్చి మార్చి చూసుకుని, "ఎడమది" అన్నారు. అప్పుడాయన చేత్తో పట్టుకుని ఉన్నది కుడిది.